పైలట్‌కు ఏ చలువ కళ్లద్దాలు?

కారు నడిపేవారికి పోలరైజ్డ్ కళ్లద్దాలు హాయి. కాక్‌పిట్‌లో మాత్రం అవే చిక్కు తెస్తాయి. వాటిలోంచి చూస్తే ఎల్‌సీడీ తెరపై అంకెలు మసకబారవచ్చు, తల వంచిన కోణాన్ని బట్టి కనిపించకుండానే పోవచ్చు. ఎదురుగా వచ్చే విమానం రెక్కపై ఎండ తళుక్కుమంటేనే చాలాసార్లు దాని ఉనికి తెలుస్తుంది. ఆ తళుకునూ ఈ అద్దాలు తగ్గిస్తాయి. అందుకే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వీటిని సిఫార్సు చేయదు.

ఎండకు నల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాలూ అంతంతమాత్రమే. వాటిని నల్లబరిచే అతినీలలోహిత కిరణాలను చాలావరకు విండ్‌షీల్డే అడ్డుకుంటుంది. 15 నుంచి 30 శాతం వెలుతురును రానిచ్చే బూడిదరంగు అద్దాలు మేలు. రంగులు పెద్దగా మారవు. హెడ్‌సెట్ కింద ఇమిడేలా కాడలు సన్నగా ఉండాలి. ఫ్యాషన్ ఫ్రేముల్లో అదే అరుదు.

చూపు దోషం ఉన్నవారు తమ పవర్‌తోనే రంగు అద్దాలు చేయించుకోవచ్చు. నలభై దాటితే బైఫోకల్ లేదా ప్రోగ్రెసివ్ అవసరపడొచ్చు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం అదనపు జత దగ్గరే ఉండాలి.

ఒక కంటికి దూరం, మరో కంటికి దగ్గర కనిపించేలా పెట్టే మోనోవిజన్ కాంటాక్ట్ లెన్సులను ఎఫ్ఏఏ అనుమతించదు. 1996 అక్టోబర్ 19న న్యూయార్క్ లాగార్డియాలో దిగుతున్న డెల్టా 554 విమానం రన్‌వే ముందున్న అప్రోచ్ లైట్ల నిర్మాణాన్ని ఢీకొంది. ప్రాణాలు పోలేదు. కెప్టెన్ పెట్టుకున్నవి మోనోవిజన్ లెన్సులు. రన్‌వేకు తానెక్కడున్నాడన్న అంచనా తప్పినా, వాటివల్లే సరిదిద్దుకోలేకపోయాడని దర్యాప్తు తేల్చింది.