మారే భరణం, మారని బకాయి

గత ఎపిసోడ్ తర్వాత మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. ఉద్యోగం పోయింది, విడాకులప్పుడు కోర్టు రాసిన భరణం మాత్రం అలాగే ఉంది, తగ్గుతుందా? మీ కేసు సంగతి లాయరే చెప్పాలి. నేను చెప్పగలిగింది దీని వెనకున్న చరిత్ర. అది తెలిస్తే ఒక్క విషయం మాత్రం బాగా గుర్తుంటుంది: తేదీ.

ఇంగ్లాండుతో మొదలుపెడదాం. 1857 దాకా అక్కడ పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయించుకోవాలి. అది డబ్బున్నవాళ్ళకే సాధ్యం. ఆ ఏడాది విడాకుల్ని కోర్టుకు అప్పగించారు. భార్యకు భరణం కూడా పెట్టారు, కాకపోతే అది భర్త ఆస్తిని హామీగా పెట్టి ఇచ్చేది. మరి ఆస్తి లేకుండా సంపాదన మీదే బతికేవాడి భార్య సంగతి? దానికి జవాబుగా 1866లో ఇంకో చట్టం వచ్చింది. నెలకో వారానికో ఇంత అని కట్టమనే అధికారం కోర్టుకిచ్చింది.

అయితే సంపాదన ఇవాళ ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు. అందుకే అదే చట్టంలో ఒక వెసులుబాటు పెట్టారు. భర్త ఏ కారణంగానైనా కట్టలేని స్థితికొస్తే కోర్టు ఆ మొత్తాన్ని తగ్గించవచ్చు, కొన్నాళ్ళు ఆపవచ్చు, పూర్తిగా ఎత్తేయనూ వచ్చు.

గమనించారా, ఆ తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది. భర్త రాబడి పెరిగితే భార్యకు పెంచే అధికారం కోర్టుకు 1907లో గానీ రాలేదు. అంటే 41 ఏళ్ళు. ఈలోపు 1869లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో తెచ్చిన విడాకుల చట్టంలోకి కూడా ఆ ఒకవైపు వాక్యమే వచ్చి చేరింది. ఆ చట్టం క్రైస్తవుల పెళ్ళిళ్ళకు సంబంధించింది, మన తెలుగు క్రైస్తవులతో సహా. 1955 హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ దగ్గరికొచ్చేసరికి పరిస్థితి మారింది. పరిస్థితులు మారాయని భార్యాభర్తల్లో ఎవరైనా కోర్టుకెళ్ళొచ్చు. పెంచమనీ అడగొచ్చు, తగ్గించమనీ అడగొచ్చు.

ఇక అమెరికా. 1899లో న్యూయార్క్ కోర్టు సిస్టారే దంపతుల్ని విడిగా ఉండనిచ్చి, భార్యకూ బిడ్డకూ కలిపి వారానికి 22.50 డాలర్లు ఇవ్వమని భర్తను ఆదేశించింది. ఆయన ఇవ్వలేదు. ఆమె 1904లో కనెక్టికట్ కోర్టులో దావా వేసేనాటికి బకాయి 5,805 డాలర్లు. లెక్కేస్తే సరిగ్గా 258 వారాల సొమ్ము. కనెక్టికట్ పై కోర్టు కుదరదంది. న్యూయార్క్ కోర్టు ఎప్పుడంటే అప్పుడు మార్చగలిగే ఆదేశం అంతిమ తీర్పెలా అవుతుంది, దాన్ని మేమెందుకు అమలు చేయాలి అన్నది వాళ్ళ వాదన.

1910లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మార్చే అధికారం ఇకముందు రావాల్సిన వాయిదాలకే. గడువు దాటిన వాయిదాను కూడా మార్చవచ్చని ఆ రాష్ట్ర చట్టం స్పష్టంగా చెబితే తప్ప, అది ఆమెకు రావాల్సిన అప్పే. రాష్ట్రం దాటినా వసూలు చేసుకోవచ్చు. ఈ మాట లేకపోతే, ఊరు మారి కట్టకుండా కూర్చున్నవాడికి కాలమే మాఫీ చేసినట్టయ్యేది. ఇక్కడ అద్దె, బిడ్డ తిండి ఆగలేదు కదా.

ఇప్పుడు మన సంగతి. క్యాలిఫోర్నియాలో జీవిత భాగస్వామికిచ్చే భరణాన్ని కోర్టు మార్చినా, అర్జీ వేసిన తేదీకి ముందు పేరుకున్న బకాయిని ముట్టుకోదు. హెచ్-1బీ మీదున్నవాళ్ళకు ఉద్యోగం పోయాక మామూలుగా గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ హడావుడిలో కొత్త స్పాన్సర్ కోసం పరుగే తప్ప కోర్టు గుర్తుకు రాదు. “కుదుటపడ్డాక చూద్దాంలే” అనుకున్న ప్రతి నెలా పాత మొత్తంతోనే అప్పుగా చేరుతుంది. మాజీ భార్యో భర్తో ఫోన్లో “సరే, తగ్గించి ఇవ్వు” అన్నంత మాత్రాన కోర్టు ఆదేశం మారదు. పైగా, మార్చడానికి వీల్లేదని ఒప్పందంలో ముందే రాసుకుని ఉంటే తలుపే ఉండకపోవచ్చు. కాబట్టి మీ విడాకుల కాగితాల్లో ముందు ఆ వాక్యం ఉందో లేదో వెతకండి.

భరణం తీసుకునేవాళ్ళకూ ఇదే లెక్క. జబ్బు చేసి ఖర్చు పెరిగినా, అవతలివారి జీతం పెరిగినా భరణం దానంతటది పెరగదు. అడగాలి. అడిగిన తేదీ నుంచే లెక్క.