పొలానికి తిరిగిరాని ఎరువు

మనం తినే అన్నంలో పొలం ఇచ్చిన నత్రజని, భాస్వరం ఉంటాయి. ఎదుగుదల ముగిసిన శరీరం వాటిని నిల్వచేసుకోదు. తీసుకున్నంతా దాదాపుగా మలమూత్రాలలో విసర్జిస్తుంది. అవి తిరిగి మట్టికి చేరితేనే చక్రం పూర్తవుతుంది. నగరం పెరిగితే ఆ చక్రం ఎలా తెగుతుందో లండన్ చరిత్ర చెబుతుంది.

ఒకప్పుడు అక్కడ ఇళ్ల గుంతలలోని మలాన్ని కూలీలు రాత్రివేళ తోడి రైతులకు చేరవేసేవారు. నగరం విస్తరించి పొలాలు దూరమయ్యాయి. 1840ల నుండి పెరూ దేశపు పక్షిరెట్ట ఎరువుగా దిగుమతి కావడంతో ఈ ఎరువుకు గిరాకీ తగ్గింది. నీటి మరుగుదొడ్లు వచ్చాక మురుగునంతా థేమ్స్ నదిలోకి మళ్లించారు. ఆ నది నీటినే ఎందరో తాగారు. కలరా వేలమందిని బలిగొన్నది. కలుషిత జలమే దానికి మూలమని 1854లో డాక్టర్ జాన్ స్నో చూపారు. 1858 వేసవిలో నది దుర్గంధం పార్లమెంటు భవనాన్నే చుట్టుముట్టింది. ఇంజనీరు బజాల్జెట్ నిర్మించిన భూగర్భ కాలువలు మురుగును నగరానికి తూర్పుగా, సముద్రం వైపు తరలించాయి. 1866లో చివరిసారి వచ్చిన కలరా, ఆ పనులు పూర్తికాని తూర్పు లండన్‌నే ప్రధానంగా పీడించింది.

వైద్యునిగా ఆ కాలువలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే పొలాల సారం సముద్రం పాలవుతున్నదని జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ఆనాడే హెచ్చరించాడు. ఆ లోటును నేడు గాలిలోని నత్రజనితో తయారయ్యే ఎరువులతో, గనుల నుండి తవ్విన భాస్వరంతో పూడుస్తున్నాం. ఆ గనులు తరగనివి కావు.

మన హుస్సేన్ సాగర్‌ను చూడండి. మురుగుతో చేరిన నత్రజని, భాస్వరాలను తిని నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. అవి చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది, చేపలు చస్తాయి. పొలంలో కరవైనదే చెరువులో విషమవుతున్నది.

పాత పద్ధతికి మరలమని నేను అనను. మన దేశంలో ఆ మలం కొన్ని కులాల నెత్తికెక్కించిన బరువు. 1993లోను, 2013లోను చట్టాలు చేసి నిషేధించవలసి వచ్చిన అమానుషం అది. శుద్ధి చేయని మురుగును నేరుగా పొలాలకు పెట్టినా నులిపురుగులు, విరేచనాలు తప్పవు. రోగక్రిములను చంపి, సారాన్ని మట్టికి చేర్చే శుద్ధి కేంద్రాలు కావాలి. పురపాలక ఎన్నికలలో ఓటు అడగవచ్చిన అభ్యర్థిని రోడ్ల గురించి అడిగినట్లే, మన వీధి మురుగు చివరకు ఎక్కడికి పోతున్నదో కూడా అడగండి. ఇంటి కూరగాయల తొక్కలను వేరుచేసి ఎరువు చేయడం మాత్రం ఈరోజే మొదలుపెట్టవచ్చు.