గోధుమ 'పడకపోవడం': స్వీయ నిర్ధారణ, వైద్య నిర్ధారణల చారిత్రక సంబంధం (పోచారం పరిసరాల ఆహార నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:
గోధుమ తిన్నప్పుడు కలిగే ఇబ్బందిని ఎవరికి వారే 'గ్లూటెన్ పడకపోవడం'గా నిర్ణయించుకొని, పరీక్షలకు ముందే ఆహారం మార్చుకొనే ధోరణి విద్యావంతుల కుటుంబాలలో కనిపిస్తున్నది. దీనిని అవివేకమని కొట్టివేయకుండా, వైద్యచరిత్రలో దాని స్థానాన్ని గుర్తించడం ఈ వ్యాసం లక్ష్యం. ఆహారాన్ని మాన్పించి వ్యాధిని గుర్తించే పద్ధతి ఒకప్పుడు వైద్యులదే. ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో వ్యాధి సాక్ష్యం చిన్నప్రేగు పొరలోకి, ఆ తర్వాత రక్తంలోకి మారడంతో అదే పద్ధతి నిర్ధారణకు అడ్డంకి అయింది. ఈ మార్పును పోచారం పరిసరాల ధాన్యచరిత్రతో జోడించి పరిశీలించడమైనది.

కీలక పదాలు: గోధుమ, గ్లూటెన్, సీలియాక్ వ్యాధి, ఉపశయం, పథ్యం, పెల్లగ్రా, పోచారం.

1. ఉపోద్ఘాతం

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే మాంసకృత్తుల సముదాయానికి గ్లూటెన్ అని పేరు. జన్యుపరంగా అవకాశమున్న కొందరిలో ఇది శరీర రక్షణవ్యవస్థను రెచ్చగొట్టి చిన్నప్రేగులోని చూషకాలను దెబ్బతీస్తుంది. అదే సీలియాక్ వ్యాధి. గోధుమ అలర్జీ దీనికంటే వేరు. ఈ రెండూ లేకుండానే గోధుమ తింటే కడుపుబ్బరం, నొప్పి, నీరసం కలిగేవారు మూడవ వర్గం. బాధపడే మనిషికి ఈ మూడింటి మధ్య తేడా తెలియదు, తెలిసే మార్గమూ లేదు. అతనికి తెలిసినది ఒక్కటే: తిన్నాడు, బాధ కలిగింది, మానాడు, తగ్గింది. ఈ అనుభవానికి ప్రమాణంగా ఎంత విలువ ఉన్నదన్నదే ఇక్కడి ప్రశ్న.

2. పోచారం పరిసరాల ధాన్యచరిత్ర

మంజీర ఉపనది అయిన ఆలేరుపై 1916-1922 మధ్య నిజాం ప్రభుత్వం పోచారం జలాశయాన్ని నిర్మించింది. దాని కాలువ నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతాల పొలాలకు నీరిచ్చింది. 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర దిగువ ప్రాంతాన్ని మార్చివేసింది. మెట్టభూములలో జొన్న, మక్క, పప్పుధాన్యాలు పండే చోట నీరు వచ్చినంత మేరా వరి విస్తరించింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వరి అన్నాన్ని పేద ఇంటికి కూడా నిత్యభోజనం చేసింది.

ఈ క్రమంలో గమనించవలసిన అంశం ఒకటున్నది. జొన్నరొట్టె, మక్కగటక, అంబలి, వరి అన్నం వీటిలో ఏ ఒక్కదానిలోనూ సీలియాక్ వ్యాధిని రేపే గ్లూటెన్ లేదు. అంటే ఈ ప్రాంతపు పాత భోజనం, ఆ వ్యాధికి నేటి వైద్యులు సూచించే పథ్యంతో చాలావరకు సరిపోతుంది. వ్యాధికి అవకాశమున్న మనిషి ఇక్కడ పుట్టి, ఇక్కడి తిండే తిని, ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిపి ఉండవచ్చు.

గోధుమ ఈ ఇళ్లలోకి వేర్వేరు వాకిళ్ల నుంచి వచ్చింది. 1956లో కుదిరిన పి.ఎల్.480 ఒప్పందం తర్వాత అమెరికా గోధుమ దేశమంతటా రేషన్ వ్యవస్థలో భాగమైంది. టిఫిన్ సెంటరులో పూరీ, హాస్టల్లో ఉప్మా, బేకరీలో మైదా పదార్థాలు సాధారణమయ్యాయి. చక్కెరవ్యాధి వచ్చినవారు రాత్రిపూట అన్నం మాని చపాతీకి మారడం ఇంటింటి అలవాటైంది. కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన కార్మికులకు ఖుబూస్ దినభోజనమైంది. ఒక తరం వ్యవధిలో గోధుమ అప్పుడప్పుడూ తినే పదార్థం స్థాయి నుంచి రోజువారీ ఆహారానికి వచ్చినప్పుడు, 'ఇది నాకు పడడం లేదు' అనే అనుమానం పుట్టడం సహజమే.

3. 'పడదు': లోకభాషలోని నిర్ధారణ

'వంకాయ నాకు పడదు' అంటాము. 'వాళ్లిద్దరికీ పడదు' అని కూడా అంటాము. ఈ క్రియ దోషాన్ని పదార్థం మీద గాని మనిషి మీద గాని మోపదు; ఇద్దరి మధ్య సంబంధాన్ని చెబుతుంది. అలర్జీ, అరగకపోవడం, అయిష్టం అన్నీ ఈ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఇదే ఆ మాట బలం, ఇదే దాని పరిమితి. అనుభవాన్ని నమోదు చేయడానికి అది చాలు. కారణాన్ని వేరుచేయడానికి చాలదు.

శాస్త్రసంప్రదాయంలో దీనికి సమీపమైన భావన 'సాత్మ్యం'. అలవాటు వల్ల, దేశాన్ని బట్టి ఒకరి శరీరానికి అనుకూలించే ఆహారం సాత్మ్యం, అనుకూలించనిది అసాత్మ్యం. రోగనిర్ణయానికి ఆయుర్వేదం చెప్పిన నిదానపంచకంలో నిదానం, పూర్వరూపం, రూపం, సంప్రాప్తులతో పాటు 'ఉపశయం' ఉన్నది. లక్షణాలు స్పష్టంగా లేనప్పుడు, ఒక ఔషధమో ఆహారమో ఇచ్చి లేదా మాన్పించి, కలిగే ఉపశమనాన్ని బట్టి వ్యాధిని గుర్తించడమే ఉపశయం. గోధుమ మాని చూసే నేటి మనిషి, తెలిసో తెలియకో, చేస్తున్నది ఈ ఉపశయ పరీక్షనే. అయితే శాస్త్రంలో ఉపశయం ఐదింటిలో ఒకటి మాత్రమే. మిగిలిన నాలుగింటితో సరిచూడనిదే నిర్ణయం కాదు. ప్రాచీన గ్రంథాలలోని గ్రహణీరోగ వర్ణనను సీలియాక్ వ్యాధితో ముడిపెట్టడం చారిత్రకంగా తొందరపాటు అవుతుంది. ఇక్కడ పోలిక వ్యాధుల మధ్య కాదు, నిర్ణయపద్ధతుల మధ్య.

4. వైద్యులూ అనుభవాన్నే నమ్మిన కాలం

1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ పిల్లలలో కనిపించే ఈ వ్యాధిని ఆధునిక వైద్యభాషలో వర్ణించాడు. నయం చేయగలిగితే అది ఆహారం ద్వారానే సాధ్యమని సరిగ్గా ఊహించాడు. కాని ఆయన వద్దన్న పదార్థాలలో బియ్యం ఉన్నది. అనుమతించిన వాటిలో రెండు వైపులా కాల్చిన పలుచని రొట్టె ఉన్నది. నేటి జ్ఞానానికి ఇది పూర్తిగా తలకిందులు. 1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యంతో పిల్లలను కోలుకునేట్లు చేశాడు. మేలు చేసినది అరటిపండు కాదు, దాని వల్ల పళ్లెంలో లేకుండా పోయిన గోధుమ. పిండిపదార్థాలే దోషమని, వ్యాధి శాశ్వతంగా నయమైందని భావించినందువల్ల ఆ పిల్లలు తిరిగి రొట్టె తినడానికి ఆటంకం లేకపోయింది. ఫలితం నిజం, వివరణ తప్పు. తప్పు వివరణకు మూల్యం తర్వాత చెల్లించవలసి వస్తుంది.

గోధుమను గుర్తించిన ఘనత డచ్చి శిశువైద్యుడు విల్లెమ్ డికెది. 1930ల నుంచే ఆయన దీనిపై పరిశీలనలు చేస్తున్నాడు. రొట్టె మాన్పించినప్పుడు తన బిడ్డ ఒంటిమీది దద్దు తగ్గుతున్నదని ఒక తల్లి చెప్పిన మాట ఆయన దృష్టిని ఇటు మళ్లించిందని వైద్యచరిత్రకారులు నమోదు చేశారు. 1944-45 నాటి ఆకలి శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని స్థితి ఆయన అనుమానాన్ని బలపరిచింది. అయితే డికె అక్కడితో ఆగలేదు. సహచరులతో కలిసి, గోధుమ ఇచ్చినప్పుడూ మాన్పినప్పుడూ పిల్లల మలంలోని కొవ్వును కొలిచి, 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. 1952లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు హాని గోధుమలోని పిండిపదార్థంలో లేదని, గ్లూటెన్‌లో ఉన్నదని తేల్చారు. తల్లి పరిశీలన లేకపోతే ప్రశ్న పుట్టకపోవచ్చు. కొలత లేకపోతే జవాబు నిలిచేది కాదు.

5. సాక్ష్యం స్థానం మారడం

1956లో మార్గో షైనర్, 1957లో విలియం క్రాస్బీ నోటి ద్వారా పరికరాన్ని పంపి చిన్నప్రేగు పొర నుంచి ముక్క తీసే పద్ధతులను ప్రకటించారు. దీనితో వ్యాధి సాక్ష్యం రోగి మాటలోంచి సూక్ష్మదర్శిని కిందికి వచ్చింది. 1969లో ఇంటర్లాకెన్‌లో సమావేశమైన యూరోపియన్ శిశు జీర్ణకోశ వైద్యులు ఒక క్రమాన్ని నిర్దేశించారు: గ్లూటెన్ తింటున్నప్పుడు బయాప్సీ, మాన్పించాక మరొకటి, తిరిగి తినిపించాక ఇంకొకటి. ఇందులో ఉపశయం ఉన్నది, కాని అది రెండో మెట్టు. 1997లో ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైముపై శరీరం ప్రతిరక్షకాలను తయారుచేస్తున్నదని జర్మన్ పరిశోధకులు గుర్తించిన తర్వాత రక్తపరీక్ష ప్రధానమైంది. 2012 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు, ఈ ప్రతిరక్షకాలు చాలా ఎక్కువగా ఉన్న కొందరు పిల్లలలో, అదనపు పరీక్షలు తోడైతే, బయాప్సీ లేకుండానే నిర్ధారణకు అవకాశమిచ్చాయి.

ఈ పరిణామానికి ఒక ముఖ్యమైన పర్యవసానం ఉన్నది. గోధుమ మానితే ప్రేగు పొర క్రమంగా కోలుకుంటుంది, ప్రతిరక్షకాలు తగ్గిపోతాయి. అంటే మానిన తర్వాత చేసే పరీక్ష వ్యాధి ఉన్నా లేదని చెప్పగలదు. 1956కు ముందు ఆహారం మానడమే నిర్ధారణ. ఆ తర్వాత, పరీక్షకు ముందు మానడం సాక్ష్యాన్ని చెరిపివేయడం. అలా మానినవారు నిర్ధారణ కోసం మళ్లీ కొన్ని వారాలపాటు గోధుమ తినవలసి వస్తుంది. బాధ తగ్గినవారు అందుకు సిద్ధపడడం కష్టం. జన్యుపరీక్ష గోధుమ మానినా చేయవచ్చు గాని, అది వ్యాధి లేదని చెప్పడానికి ఉపయోగపడినంతగా ఉన్నదని చెప్పడానికి ఉపయోగపడదు.

6. జొన్న, పెల్లగ్రా: దక్కను అనుభవం

ధాన్యానికీ వ్యాధికీ గల సంబంధంపై ఈ నేల మీదనే జరిగిన పరిశోధన ఒకటి ఇక్కడ ప్రస్తావించదగినది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో (నేటి జాతీయ పోషకాహార సంస్థ) సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా జొన్న ప్రధానాహారంగా గల పేదలలో కనిపించిన పెల్లగ్రాను అధ్యయనం చేశారు. చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతిభ్రమ ఆ వ్యాధి లక్షణాలు. మక్కలో ట్రిప్టోఫాన్ కొరత ఉన్నట్లు జొన్నలో లేదు. అయినా వ్యాధి ఎందుకు వస్తున్నదన్న ప్రశ్నకు, జొన్నలో అధికంగా ఉన్న ల్యూసిన్ కారణం కావచ్చునని 1960లో వారు ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై తర్వాత చర్చలు జరిగాయి. కాని నయాసిన్ విటమిన్ ఇస్తే రోగి కోలుకోవడం నిర్వివాదం. 'జొన్న చెడ్డది' అనే తీర్మానంతో ఆగి ఉంటే, ఆ పేదవారికి వేరే ధాన్యం కొనే శక్తి లేదు, విటమిన్ సంగతి తెలిసేది కాదు. అనుభవం ధాన్యాన్ని చూపింది. పరీక్ష దాని వెనుక ఉన్న లోపాన్ని చూపింది.

గోధుమ విషయంలోనూ ఇటువంటి ఫలితాలే వచ్చాయి. సీలియాక్ లేకుండానే గోధుమ పడదని చెప్పిన 37 మందిపై ఆస్ట్రేలియాలో జరిగి 2013లో ప్రకటితమైన అధ్యయనం, పులిసే గుణం గల కొన్ని పిండిపదార్థాలను ముందే తగ్గించినప్పుడు గ్లూటెన్‌కు ప్రత్యేక ప్రభావం కనిపించలేదని తెలిపింది. ఓస్లోలో 59 మందిపై జరిగి 2018లో ప్రకటితమైన పరీక్షలో గ్లూటెన్ కంటే ఫ్రక్టాన్లు ఎక్కువ బాధ కలిగించాయి. ఫ్రక్టాన్లు గోధుమలోనే కాక ఉల్లిలో, వెల్లుల్లిలో కూడా ఉంటాయి. బాధ నిజమే, పేరు మాత్రం తప్పు కావచ్చు.

7. దక్షిణాదిలో రెండువైపులా ప్రమాదం

భారతదేశంలో 23 వేలమందికి పైగా వయోజనులపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనం సీలియాక్ వ్యాధి ఉత్తరాదిలో వెయ్యికి 8.53, ఈశాన్యంలో 4.66, దక్షిణాదిలో 0.11 చొప్పున ఉన్నదని అంచనా వేసింది. వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు మూడు ప్రాంతాలలోనూ దాదాపు సమానంగా, మూడోవంతుకు అటూ ఇటూగా ఉన్నాయి. సగటు గోధుమ వినియోగం మాత్రం ఉత్తరాదిలో రోజుకు 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు. ఇవి ప్రాంతీయ సగటులు. ఏ ఒక్క జిల్లా చిత్రమూ కావు. అయినా అవి ఒక సంగతి సూచిస్తున్నాయి: తేడా మన రక్తంలో కంటే మన పళ్లెంలో ఎక్కువగా ఉన్నది. పళ్లెం మారుతున్నది.

దీనివల్ల ప్రమాదం రెండు వైపులా ఉన్నది. 'దక్షిణాదిలో ఇది అరుదు' అనే అభిప్రాయం వైద్యునిలో స్థిరపడితే, ఎంతకీ తగ్గని రక్తహీనతతో వచ్చిన యువతికో, ఎత్తు పెరగని బాలునికో రక్తపరీక్ష ఆలోచనే రాకపోవచ్చు. ఇటు, గోధుమ మాని కొంత ఉపశమనం పొందిన వ్యక్తి తనకు రోగమేమిటో తెలిసిందని భావిస్తే, ప్రేగుల క్షయ, పాలు అరగకపోవడం, ఈ ప్రాంతంలో వైద్యులు చిరకాలంగా గుర్తిస్తున్న ఉష్ణమండల స్ప్రూ వంటివి మరుగున పడవచ్చు. వ్యాధి నిజంగానే ఉండి పేరు తెలియనివారి స్థితి మరొకటి. సీలియాక్ ఉన్నవారు జీవితాంతం లేశమాత్రం గ్లూటెన్ తగలకుండా ఉండాలి. మార్కెట్లో దొరికే ఇంగువలో కూడా గోధుమపిండి కలుస్తుంది. 'పడదు' అని మాత్రమే అనుకొన్నవారు పెళ్లిలో ఒక పూరీకి మినహాయింపు ఇచ్చుకొంటారు. నిర్ధారణ ఉన్నవారు ఇవ్వరు. అంతేకాక తోబుట్టువులకు, పిల్లలకు పరీక్ష అవసరమన్న హెచ్చరిక నిర్ధారణతోనే పుడుతుంది.

స్వీయ నిర్ధారణకు వ్యక్తి స్వభావం ఒక్కటే కారణం కాదు. దూరమూ ఖర్చూ కారణాలే. పోచారం వంటి చోట గోధుమ మానడానికి పైసా ఖర్చు లేదు, జొన్నరొట్టె ఇంట్లోనే ఉన్నది. ఎండోస్కోపీకి పట్నం వెళ్లాలి, కూలి పోతుంది. 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభం కావడం ఈ దూరాన్ని తగ్గించే అవకాశం. అది ఎంతవరకు నెరవేరుతుందో, రోగి చెప్పే 'పడదు' అనే మాటను అక్కడి వైద్యుడు ఎంత శ్రద్ధగా వింటాడన్న దానిపై కూడా ఆధారపడి ఉంటుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. స్వీయ పరిశీలన వైద్య నిర్ధారణకు శత్రువు కాదు, దాని తొలి మెట్టు. డికె కథ అందుకు సాక్ష్యం. వైద్యుని అధికారం ఒక్కటే సత్యానికి హామీ కాదు. గీ బియ్యాన్ని నిషేధించడం అందుకు సాక్ష్యం. ఉపశమనం ఒక్కటే కారణాన్ని చెప్పదు. హాస్ అరటిపండు అందుకు సాక్ష్యం. కాబట్టి వివాదం ఎవరి మాట చెల్లాలన్నది కాదు, ఏది ముందు జరగాలన్నది. గోధుమ తింటూనే లక్షణాలను గమనించి రాసుకోవడం, తింటూనే రక్తపరీక్ష చేయించుకోవడం, ఫలితం వచ్చాక వైద్యుని సలహాతో మానడం, మానాక కలిగిన మార్పును మళ్లీ నమోదు చేయడం ఈ చరిత్ర సూచించే క్రమం. ఉపశయానికి నిదానపంచకంలో చోటున్నట్లే ఇందులోనూ చోటున్నది. ఆ చోటు మొదటిది మాత్రం కాదు.