బీచుపల్లి హనుమంతుడు గూఢచారేనా?

మొన్న ఊరెళ్ళినప్పుడు ఎర్రవల్లి చౌరస్తాలో మా మేనమామతో కూర్చుని టీ తాగుతున్నా. హోటల్ టీవీలో ఎవరినో గూఢచర్యం కేసులో పట్టుకున్నారని వార్త. మొహానికి నల్లగుడ్డ కప్పి జీపెక్కిస్తున్నారు. "ఇలాంటివాళ్ళకి విచారణేంటి మామా, నిలబెట్టి కాల్చెయ్యాలి" అన్నాను. నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణి కదా, తీర్పు చెప్పడం ఎంతసేపు!

మామ గ్లాసు కింద పెట్టి, "అట్లనా అల్లుడా? మరి బీచుపల్లిల ఉన్న సామి ఎవరు? రాత్రిపూట దొంగచాటుగ లంకల జొరబడి, అంతా జూసి వచ్చినోడేనాయె. ఆయనకు గుడెందుకు గట్టినం?" అన్నాడు.

హోటల్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. హైదరాబాద్ బస్సెక్కి, కృష్ణ మీద వంతెన దాటుతుంటే మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. మనవాడైతే వీరుడు, పరాయివాడైతే గూఢచారి, అంతేనా తేడా? ఇంకేమైనా ఉందా? తర్వాత ఓ రెండు వారాలు ఆఫీసు పని పక్కనపెట్టి (మా మేనేజరు ఇది చదవడులెండి) ఇదే తవ్వుకుంటూ కూర్చున్నా.

ముందు సుందరకాండ. పట్టుబడ్డ హనుమంతుణ్ణి సభలో ప్రహస్తుడు ప్రశ్నిస్తాడు: కుబేరుడో, యముడో, వరుణుడో పంపితే చారుడి రూపంలో వచ్చావా అని. అంటే లంకవాళ్ళకి వచ్చిన మొదటి అనుమానం మా మామకి వచ్చిందే. హనుమంతుడు మాత్రం నేను రాముడి దూతని అంటాడు. రావణుడు చంపమంటాడు. అప్పుడు విభీషణుడు లేచి వాదిస్తాడు. దూతకి అవయవం తీసెయ్యడం, కొరడాదెబ్బలు, గుండు కొట్టించడం, ఒంటి మీద ముద్ర వెయ్యడం లాంటి శిక్షలున్నాయి గానీ చంపడం ఎక్కడా వినలేదంటాడు. తోకకి నిప్పంటించింది ఆ వాదన తర్వాతే. నాకైతే ఇది మన సాహిత్యంలో మొదటి గూఢచర్యం కేసు విచారణలా కనిపిస్తుంది. ముద్దాయి శత్రువు, జడ్జీ రావణుడు. అయినా ఒకడు లేచి చట్టం చెప్పాడు, అవతలివాడు విన్నాడు!

దూతకీ చారుడికీ తేడా ఏమిటి? దూత నేనెవరో చెప్పి వస్తాడు, చారుడు దాచి వస్తాడు. 1907 నాటి హేగ్ యుద్ధ నియమాలు చెప్పేదీ ఇంచుమించు ఇదే. రహస్యంగా గానీ, అబద్ధపు వేషంతో గానీ శత్రువుకి అందించడానికి సమాచారం సేకరించేవాడే గూఢచారి. యూనిఫాం వేసుకుని శత్రు సైన్యంలోకి చొరబడిన సైనికుడు గూఢచారి కాడు. పట్టుబడ్డ గూఢచారిని కూడా విచారణ లేకుండా శిక్షించకూడదు. పని ముగించుకుని తన సైన్యంలో కలిసిపోయాక వేరే సందర్భంలో దొరికితే పాత గూఢచర్యానికి శిక్షే లేదు, యుద్ధఖైదీగా చూడాలి. ఆ లెక్కన అశోకవనంలో చెట్టు మీద చిన్న రూపంలో నక్కినప్పుడు హనుమంతుడు చారుడే. సభలో పేరు చెప్పుకున్నాక దూత. మామా, నువ్వన్నది సగం కరెక్ట్!

పురాణం వద్దు, చరిత్ర చెప్పమంటారా? దానికీ మా ప్రాంతం దాటి పోనక్కర్లేదు. మా ఇటిక్యాల ఉన్నది నడిగడ్డలో, అంటే కృష్ణ, తుంగభద్రల మధ్య గడ్డ మీద. రాయచూరు అంతర్వేది అని చరిత్ర పుస్తకాల్లో చదివిన ప్రాంతానికి తూర్పు కొస మేమే. ఈ నేల కోసం విజయనగరం రాజులు, బహమనీలు తరాల తరబడి కొట్టుకున్నారు. ఇద్దరు రాజుల మధ్య పొలంగట్టు లాంటి చోట గూఢచారులు లేకుండా ఉంటారా?

1398 ప్రాంతంలో రెండో హరిహరరాయల సైన్యం కృష్ణ ఒడ్డున దిగింది. నది నిండుగా పారుతోంది. అవతలి ఒడ్డున బహమనీ సుల్తాను ఫిరోజ్ షా. ఏరు దాటే దారి లేదు. అప్పుడు ఖాజీ సిరాజ్ అనే ఆయన కొద్దిమంది తోడుతో ఫకీరు వేషంలో విజయనగర శిబిరంలోకి చేరాడట. ఆటపాటల మేళంతో స్నేహం కలిపి, ఆడవేషం కట్టి, రాయల కొడుకు ముందు కత్తుల ఆట ఆడుతూ అవే కత్తులతో అతన్ని పొడిచేశాడట. శిబిరం గందరగోళమైంది, సుల్తాను సైన్యం నది దాటింది. ఇది ఫెరిష్తా రాసిన కథ. ఆయన ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకి, బిజాపూర్ సుల్తాను కొలువులో కూర్చుని రాశాడు. అది గుర్తుపెట్టుకునే చదవాలి. ఫెరిష్తా దృష్టిలో ఖాజీ వీరుడు. అవతలి ఒడ్డున ఆ కొడుకు తల్లినడిగితే ఏమనేదో!

సన్యాసి వేషం ఖాజీ కనిపెట్టింది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో చారుల జాబితా చూస్తే మతిపోతుంది. కపట విద్యార్థి, సన్యాసం వదిలేసినవాడు, రైతు, వర్తకుడు, తాపసి వేషాలవాళ్ళు ఒకచోట ఉండి పనిచేసే రకం. విషం పెట్టేవాడు, తెగించి చంపేవాడు, భిక్షుకి లాంటివాళ్ళు తిరుగుతూ పనిచేసే రకం. వీళ్ళలో చాలామంది పని శత్రువు మీద కాదు, సొంత మంత్రుల మీద, సొంత ప్రజల మీద. అంత అనుమానం మనిషి కౌటిల్యుడు.

కానీ ఆ అనుమానం మనిషే ఒక నియమం పెట్టాడు. ఒక్క చారుడు చెబితే నమ్మొద్దు. ఒకరికొకరు తెలియని ముగ్గురు చారులు ఒకే మాట చెబితేనే నమ్మాలి. ఇది చదివి కుర్చీలోంచి లేచాను. విమానాల్లో కీలకమైన లెక్కని మూడు కంప్యూటర్లు విడివిడిగా చేసి ఓటేసుకునే పద్ధతి ఉంటుంది, ఒకటి తప్పినా విమానం కూలకుండా. ఇందులో ప్రాణం "మూడు"లో లేదు, "విడివిడిగా"లో ఉంది. ముగ్గురూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటే అవి మూడు సాక్ష్యాలు కావు, ఒకే పుకారు మూడుసార్లు ఫార్వర్డ్ అయినట్టు. మన కృష్ణదేవరాయలూ ఆముక్తమాల్యద రాజనీతిలో చారుడు పలు భాషలు తెలిసినవాడై, మిగతా చారులకి తెలియనివాడై ఉండాలన్నాడు. రాయచూరు యుద్ధం (1520) గెలిచినవాడి మాట, తేలిగ్గా తీసెయ్యలేం.

ఇప్పుడు మనకున్న చట్టానికొద్దాం. అధికార రహస్యాల చట్టం, 1923. తెల్లవాడు పెట్టాడు, వాడు పోయాడు, చట్టం ఉంది. మూడో సెక్షన్ గూఢచర్యం గురించి. రక్షణకి సంబంధించినదైతే 14 ఏళ్ళ దాకా, మిగతావాటికి 3 ఏళ్ళ దాకా జైలు. శిక్షతో నాకు పేచీ లేదు, దేశరక్షణ ఆటలు కాదు. నన్ను భయపెట్టింది రుజువు సంగతి. దేశానికి హాని చేసే ఉద్దేశాన్ని చూపే ఫలానా పని చేశాడని రుజువు చెయ్యక్కర్లేదు. పరిస్థితుల్ని బట్టి, ప్రవర్తనని బట్టి, "తెలిసిన నడవడి"ని బట్టి ఆ ఉద్దేశం ఉన్నట్టు కనిపిస్తే చాలు. నాలుగో సెక్షన్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. విదేశీ ఏజెంటు పేరో చిరునామానో మన దగ్గర దొరికితే వాడితో సంబంధం ఉన్నట్టు భావించవచ్చు. ఏజెంటు అంటే రుజువైనవాడే కానక్కర్లేదు, సహేతుకమైన అనుమానం ఉన్నవాడైనా చాలు. నా ఫోన్లో ఎన్ని నంబర్లున్నాయో, అందులో సగంమంది ఎవరో నాకే తెలీదు.

కాలేజీ రోజుల్లో ఒక డ్యాం దగ్గర గేట్లెత్తితే ఫొటోలు తీశా. కాపలా ఆయన వచ్చి ఫోన్ లాక్కుని, అన్నీ చెరిపించి, రెండు తిట్లు తిట్టి పంపాడు. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడనిపిస్తుంది, తిట్లతో పోయింది అదృష్టం అని.

అదృష్టం లేనివాళ్ళ సంగతి? నంబి నారాయణన్ గారిని తలుచుకోండి. ఇస్రో శాస్త్రవేత్త. క్రయోజెనిక్ ఇంజన్ రహస్యాలు అమ్మేశాడని 1994 నవంబర్ 30న కేరళలో అరెస్టు చేశారు. 50 రోజులు నిర్బంధం. నిజానికి మన దగ్గర అప్పటికి ఆ టెక్నాలజీయే లేదు, రష్యా నుంచి తెచ్చుకోవాలని తంటాలు పడుతున్నాం. లేని బర్రెని ఎవరికి అమ్ముతాడు? ఆరోపణలు అబద్ధమని 1996లో సీబీఐ తేల్చింది. సుప్రీంకోర్టు 50 లక్షల పరిహారం ఇమ్మన్నది 2018 సెప్టెంబర్ 14న. ముద్ర వెయ్యడానికి ఒక్క పూట, చెరపడానికి 24 ఏళ్ళు. మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో రాకెట్ విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న, మన శ్రీహరికోట నుంచే.

అలాగని గూఢచారులే లేరని కాదు. 2019 డిసెంబర్‌లో విశాఖ కేంద్రంగా బయటపడ్డ కేసులో ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో ఆడపిల్లల పేరుతో వల వేసి ఓడల కదలికలు రాబట్టారని ఆరోపణ. ఆ నెలలోనే నేవీ తన స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. ఖాజీ సిరాజ్ కట్టిన ఆడవేషమే, ఆరు వందల ఏళ్ళ తర్వాత ప్రొఫైల్ ఫొటో అయింది. చట్టం అవసరమే, నిఘా అవసరమే. నేననేది ఒక్కటే. నిజం గూఢచారిని పట్టాలన్నా విడివిడి సాక్ష్యాలే కావాలి. నడవడి చూసి మనిషిని లోపలేస్తే అసలువాడు బయటే ఉంటాడు, మనం పట్టుకున్నామన్న సంతోషంలో ఉంటాం.

రావణసభలో కూడా విభీషణుడు లేచి మాట్లాడాడు. ఆ రోజు ఎర్రవల్లి హోటల్లో, ఆ నల్లగుడ్డ కింద ఎవరున్నారో కూడా తెలియకుండా కాల్చెయ్యాలన్నది నేను. అడ్డుపడింది ఏడో తరగతితో బడి మానేసిన మా మామ.

ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "ఇంత సదివినవ్ గదా అల్లుడా, ఇంతకు హనుమంతుడు గూఢచారేనా కాదా?" అన్నాడు.

చారుడిగా వెళ్ళి దూతగా వచ్చాడు మామా అన్నాను. "అయితే శనివారం వొచ్చి టెంకాయ గొట్టిపో" అన్నాడు.