సభ ముగిశాక మిగిలేది

మా పద్మారావు నగర్‌కు ఆ పేరు దివాన్ బహదూర్ పద్మారావు మొదలియార్ వల్ల వచ్చింది. స్కందగిరి గుడికి దారి చెప్పగలిగే మా పిల్లల్లో ఆయనెవరో చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఈ ఊళ్లో మంచి పనులు ఎలా మొదలయ్యాయో, ఎలా నిలిచాయో వాళ్లకు తెలియాలని నా ఆరాటం.

సికింద్రాబాద్‌లో సోమసుందరం మొదలియార్ 1862లో ఒక బడి పెట్టారు. అదే మహబూబ్ కాలేజీ. చికాగో వెళ్లకముందు, 1893 ఫిబ్రవరి 13న, వివేకానందుడు అక్కడే ఉపన్యసించారు. పడమటి దేశాలకు తాను ఎందుకు వెళ్లదలచుకున్నదీ చెప్పారు. ఆ సభను మనం ఇప్పటికీ తలుచుకుంటాం. అంతకు 31 ఏళ్ల ముందే దానికి చోటు సిద్ధం చేసిన మనిషిని మాత్రం మరిచిపోయాం.

అదే సికింద్రాబాద్‌లోని ఘాస్‌మండీలో అరిగె రామస్వామి 1912లో సునీత బాల సమాజం స్థాపించారు. దళిత వాడల్లో తాగుడు మాన్పించడానికి, జంతుబలులు ఆపించడానికి తిరిగారు. అటు హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టారు. చదువు అందని వాడల్లో కరపత్రం ఏం చేస్తుంది? అందుకే హరికథలు చెప్పించారు, భజనలు పెట్టించారు. కథ వినడానికి వచ్చినవాళ్ల పిల్లల కోసం ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో బడులు తెరిచారు. 1917లో బెజవాడ పంచమ మహాజన సభకు అధ్యక్షత వహించారు. 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక నడిపారు. సభ, పాట, పత్రిక, బడి: ఆయన చేతిలో ఇవన్నీ ఒకే పనికి మెట్లు.

ఇప్పుడు మాట ఫోన్లో పరుగెడుతోంది. గాంధీ ఆసుపత్రిలో ఎవరికో రక్తం కావాలని వాట్సాప్‌లో పెడితే, ముక్కూ మొహం తెలియనివాళ్లు వెళ్లి ఇచ్చి వస్తున్నారు. ఎంత గొప్ప సంగతి! కానీ ఒక అన్యాయం మీద సోమవారం రగిలిన కోపం గురువారానికి చల్లారిపోతోంది. ఆ కోపానికి ఒక గది లేదు, ఒక రిజిస్టరు లేదు, రేపు తలుపు తీసే మనిషి లేడు.

కాబట్టి పేటలోని ప్రతి గ్రూపుకూ నా విన్నపం ఒకటే. ఈ ఏడాది ఒక్క పని ఎంచుకోండి. సాయంత్రం బడి కావచ్చు, రక్తదాతల పట్టిక కావచ్చు. దాని బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాసుకోండి. వచ్చే ఏడాదీ అది నడుస్తుంటేనే మనం ఈ ఊరికి ఏదైనా చేసినట్టు.