నిప్పు ఎరుగని ఇటుక

ఇటుక అంటే ఎర్రగా ఉండాలి, బట్టీలో కాలాలి. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి కొట్టి, ఖంగుమంటేనే సరుకు మంచిదని మేస్త్రీలు తేల్చేవారు. అలాంటి తెలుగునేల మీదే, బట్టీ మొహం చూడని బూడిదరంగు ఇటుక ఒకటి రూపుదిద్దుకుంది.

1990 ప్రాంతంలో విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఫ్లైయాష్ అనే బొగ్గు బూడిద, సున్నం, జిప్సం కలిపి ‘ఫాల్‌-జి’ అనే మిశ్రమాన్ని తయారుచేశారు. మూడూ పరిశ్రమల వ్యర్థాలుగా దొరికేవే. థర్మల్ కేంద్రంలో మన బొగ్గు టన్ను కాలిస్తే అందులో దాదాపు మూడో వంతు బూడిదే. ఫాస్ఫారిక్ ఆమ్లం తీసే ఎరువుల కర్మాగారాల దగ్గర జిప్సం గుట్టలుగా పడుతుంది. కార్బైడుతో ఎసిటిలీన్ గ్యాస్ చేసేచోట సున్నపు బురద మిగులుతుంది.

బూడిద ఇటుకగా ఎలా గట్టిపడుతుంది? ఫ్లైయాష్‌లోని సిలికా, తడిలో సున్నంతో కలిసి మెల్లగా బంధకంగా మారుతుంది. ఈ గుణం రోమన్లకు తెలుసు. ఇటలీలోని పొజ్జువోలి దగ్గరి అగ్నిపర్వత బూడిదను సున్నంలో కలిపి వాళ్లు రేవులు కట్టారు. మన పాత మేడలకు గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపిన మేస్త్రీల పనిలోనూ ఉన్నది ఇదే రసాయనం. జిప్సం చేరితే ఇటుకకు తొలి రోజుల్లోనే బలం వస్తుంది.

తయారీ కూడా తేలికే. పాన్ మిక్సర్‌లో బరువైన రోలర్ల కింద బూడిద, సున్నం, జిప్సం, ఇసుక లేదా రాతిపొడి నలుగుతాయి. తడి పిండిని అచ్చులో పోసి యంత్రంతో నొక్కుతారు. పచ్చి ఇటుకను ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, తర్వాత రెండు మూడు వారాలు నీళ్లు కొడతారు. బొగ్గు అక్కర్లేదు, ఊక అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం, పొలం మీది మట్టి మిగులుతుంది. అంగుళం పైమట్టి పేరుకోవడానికి వందల ఏళ్లు పడుతుంది. దాన్ని గోడల కోసం తవ్వుకుంటూ పోవడం రైతు దేశానికి తీరని నష్టం.

చట్టం ఆలస్యంగా కదిలింది. 1999 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ, థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపల మట్టి ఇటుకల్లో కనీసం 25 శాతం బూడిద కలపాలని ఆదేశించింది. 2003లో ఆ పరిధి 100, 2016లో 300 కిలోమీటర్లకు పెరిగింది. ఈలోగా, బట్టీ పొగ తప్పించినందుకు 2006లో ప్రపంచ బ్యాంకు నిధి ఒకటి ఫాల్‌-జి ఇటుకల కార్బన్ క్రెడిట్లు కొనడానికి ఒప్పుకుంది.

ఇంత జరిగినా థర్మల్ కేంద్రాలు బూడిదను నీళ్లతో కలిపి వదిలే చెరువులు నిండుతూనే వచ్చాయి. వేసవి గాలి లేస్తే చుట్టుపక్కల ఊళ్ల ఇళ్లలో, బావుల్లో ఆ పొడే పడుతుంది. 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్, వాడకుండా వదిలేసిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం విధించింది. పొడి బూడిదలో పెద్ద వాటా సిమెంటు కర్మాగారాలకు పోతోంది. ఏళ్ల తరబడి చెరువుల్లో నానిన పాత బూడిదను మాత్రం రోడ్ల కట్టలకూ, మూతబడ్డ గనులు పూడ్చడానికీ తరలించాల్సి వస్తోంది.