సొంతంగా అసెంబుల్ చేసుకునే కంప్యూటరుకు ఎస్ఎంపీఎస్ ఎంచుకోవడం ఎలా?

బీదర్‌లో మన తెలుగు ఇళ్ల పిల్లలు కొందరు విడిభాగాలు తెచ్చుకుని కంప్యూటరు సొంతంగా అసెంబుల్ చేసుకుంటున్నారు. కొందరు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొంటారు, కొందరు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు గురించి నెలల తరబడి ఆరా తీసినవాళ్లు కూడా ఎస్ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి వేయండి" అంటారు.

ఆ పొరపాటు మా సంఘమూ చేసింది. కార్యాలయం కంప్యూటరులో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్‌నే ఉంచుకున్నాం. ఒక ఎండాకాలం సాయంత్రం, పోయిన కరెంటు తిరిగి రాగానే అది టప్పుమని పేలింది. మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు కూడా దానితోనే పోయాయి. పాత రసీదు పుస్తకాలు ముందు పెట్టుకుని సభ్యుల జాబితా మళ్లీ రాసుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. మీ ఇంట్లో అయితే పోయేది పిల్లల ప్రాజెక్టు పనో, పెళ్లి ఫోటోలో కావచ్చు. అందుకే ఈ వివరాలు రాస్తున్నాం.

ముందు వాట్ల లెక్క

గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టుల ఏసీని ఎస్ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఈ రోజుల్లో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ఎక్కువ భాగం 12 వోల్టుల లైను నుంచే తీసుకుంటాయి. కాబట్టి ముందు చూడవలసింది ఆ లైనునే.

ఉదాహరణకు ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసరు గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నింటికీ కలిపి 60 వాట్లు వేసుకుందాం. మొత్తం 177. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మంచి కంపెనీ 450 వాట్ల ఎస్ఎంపీఎస్ ధారాళంగా సరిపోతుంది. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు పెడితే మరో 170 వాట్లు, అంటే సుమారు 350. అయినా ఈ కార్డుకు ఎన్విడియా చెప్పేది 550 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు క్షణంపాటు తన లెక్క కంటే ఎక్కువ లాగుతుంది, ఎస్ఎంపీఎస్‌ను ఎప్పుడూ అంచుమీద నడపకూడదు కూడా. ఇంటి ఖర్చు రాసుకునేటప్పుడు అనుకోని ఖర్చుకు కొంత పక్కన పెట్టినట్టే ఇదీ. అలాగని ఈ కంప్యూటరుకు 1000 వాట్లది కొంటే డబ్బు దండగ.

పెట్టె మీద అంకె కాదు, లేబుల్ చదవండి

ఎస్ఎంపీఎస్ పక్కన అతికించిన లేబుల్‌లో +12వి దగ్గర ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. 37 ఆంపియర్లయితే 444 వాట్లు. పెట్టె మీద 450 అని ఉండి, లేబుల్‌లో 12 వోల్టులకు 18 ఆంపియర్లే ఉంటే, అసలు పనికొచ్చేది 216 వాట్లే. అలాంటిది తీసుకోవద్దు. అసలు లేబులే లేకపోతే ఇంటికి తేవద్దు.

80 ప్లస్ గుర్తు ఉన్నది తీసుకోండి. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర బ్రాంజ్ రకం 85 శాతం, గోల్డ్ రకం 90 శాతం సామర్థ్యం చూపాలి. మామూలు ఇంటి వాడకానికి బ్రాంజ్ చాలు. అయితే ఈ గుర్తు కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుందే తప్ప భద్రతకు హామీ కాదు. వోల్టేజి పెరిగినా, లోడు మించినా, షార్టయినా తనంతట తాను ఆగిపోయే రక్షణలు ఉన్నాయో లేదో విడిగా చూడాలి. మన ఎండలకు 40 లేదా 50 డిగ్రీల వేడి దగ్గర పూర్తి వాట్లు ఇస్తుందని రాసినది మేలు.

మన ఊరి కరెంటు, ఎర్తింగ్

ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని రాసి ఉంటే వోల్టేజి తగ్గినా తట్టుకుంటుంది. కొన్ని చౌక రకాలకు వెనక 115/230 అని ఎర్ర స్విచ్చు ఉంటుంది. అది 230 మీదే ఉండాలి. 115 మీద ఉంచి ప్లగ్గు పెడితే పేలిపోతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని చాలామంది అంటారు. ఎస్ఎంపీఎస్ మంచిదైనా ఎర్తింగ్ లేకపోతే అలా అవుతుంది. ప్లగ్గు మూడో పిన్ను తీసేసి వాడటం ప్రమాదం. మన ఊరు ఎర్రటి జంబిట్ట రాతి మీద ఉంది. ఎండిన రాతి నేలలో ఎర్తింగ్ సరిగ్గా పనిచేయదు, కాబట్టి వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుండాలి. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజి కొలిపించండి. రెండు మూడు వోల్టులు మించితే బాగు చేయించాకే కొత్త కంప్యూటరు పెట్టండి.

యూపీఎస్ కూడా లెక్కలోకే

600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరుకు అది చాలు. పైన చెప్పిన 350 వాట్ల కంప్యూటరు గోడ నుంచి 400 వాట్లకు పైగా తీసుకుంటుంది, మానిటరు అదనం. దానికి 1000 వీఏ, 600 వాట్ల యూపీఎస్ కావాలి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్ఎంపీఎస్‌లు కొన్ని స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఆగిపోతాయి. వాటికి సైన్ వేవ్ రకం మంచిది. ఇన్వర్టరుకు యూపీఎస్ మోడ్ స్విచ్చు ఉంటే అందులోనే ఉంచండి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీలో చెడిపోతే హైదరాబాదుకో బెంగళూరుకో పంపవలసి రావచ్చు. ఎవరు పంపుతారో, ఖర్చు ఎవరిదో ముందే అడగండి. మాడ్యులర్ రకమైతే ఒక కంపెనీ కేబుళ్లు మరో కంపెనీ ఎస్ఎంపీఎస్‌కు పెట్టవద్దు. సాకెట్‌లో పట్టినా లోపలి వైర్ల వరుస వేరుగా ఉండి బోర్డు కాలిపోవచ్చు. చెడిపోయిన ఎస్ఎంపీఎస్‌ను ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

కొనే ముందు అనుమానం ఉంటే లేబుల్ ఫోటో, విడిభాగాల జాబితా పట్టుకుని సంఘం కార్యాలయానికి రండి. కాగితం మీద కలిసి లెక్క వేసి చూద్దాం.